అతిథి చేప గుడ్లు పెట్టిన సంవత్సరం

మా మండలి గురించి ఊళ్ళో నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పవలసిన బాధ్యత నా మీద పడింది. మండలి అంటే తీర జలచర సంక్షేమ మండలి. నేను అందులో ఆఫీసు సూపరింటెండెంటుని. అక్కణ్ణుంచి వెలువడే ప్రతి ఉత్తర్వుకీ భాష నాది, భావం పైవాళ్ళది. భాషలో తప్పుంటే నన్ను తిట్టవచ్చు. భావంలో తప్పుండే అవకాశం నిబంధనల ప్రకారం లేదు.

మా ఆఫీసు ముత్యాలరేవులో సముద్రం ఒడ్డునే ఉంది. గేటు దాటితే ఇసుక, ఇసుకలో పడవలు, ఆ అవతల జాలర్ల ఇళ్ళు. ఏ కష్టమొచ్చినా ఆ జాలర్లు సరాసరి మా గేటు దగ్గరికే వచ్చేవాళ్ళు. 'మేము జలచరాల సంక్షేమం చూస్తాం గాని, వాటిని పట్టేవాళ్ళ సంక్షేమం కాదయ్యా' అని ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళ తలకెక్కేది కాదు. వాళ్ళకి మేము సర్కారు, అంతే.

ఆ సంవత్సరం ఉత్తరాన ఎక్కడో మంచు కురిసే దేశం నుంచి ఒక స్నేహ బృందం వచ్చింది. మనవాళ్ళు వాళ్ళకి శాలువాలు కప్పి, లక్క బొమ్మలిచ్చి, గొంతు మండేలా పులుసులు తినిపించి పంపించారు. వాళ్ళు దేశం చేరాక తిరుగు కానుకగా రెండు చేపల్ని విమానంలో పంపారు, ఒక మగది, ఒక ఆడది. కానుకలో కొంత కక్ష కూడా ఉందని నా అనుమానం. ఎందుకంటే అవి చల్లటి సముద్రంలో, అట్టడుగున, రాళ్ళ మధ్య బతికే చేపలు. మాది మే నెలలో కాకులు నోళ్ళు తెరుచుకుని కూర్చునే ఊరు.

ఆ చేపకి ఒంటిలో సగం తలకాయే. తలకాయలో సగం నోరు. బుగ్గల మీద ముళ్ళు. ఒంట్లో గాలితిత్తి లేదట, అందుకని పైకి తేలదు. నీళ్ళడుగున ఒక రాయి చూసుకుని దాని మీద పొట్ట ఆనించి కూర్చుంటుంది. ఎదురుగా తినేదేదైనా వస్తే నోరు తెరుస్తుంది, మూస్తుంది, మళ్ళీ కదలదు. దాన్ని చూసిన మొదటి రోజే మా కమిషనర్ ప్రభంజనరావు గారికి ఎందుకో చెప్పలేని ఆత్మీయత కలిగింది.

"ఎంత నిబ్బరం! ఎంత గాంభీర్యం! పరిపాలన అంటే ఇదయ్యా" అన్నారాయన.

వాటికి 'శీతల అతిథులు' అని పేరు పెట్టి, పెద్ద హాల్లో అద్దాల తొట్టి కట్టించి, నీళ్ళని చల్లబరిచే యంత్రం పెట్టించారు. నీళ్ళు చల్లగా ఉండాలంటే హాలు చల్లగా ఉండాలి, హాలు చల్లగా ఉండాలంటే ఆఫీసంతా చల్లగా ఉండాలి. రోహిణి కార్తెలో మేము స్వెట్టర్లు తొడుక్కుని ఫైళ్ళు చూశాం. నాకు మంకీ క్యాపు అప్పుడే అలవాటైంది. చేపల బాగోగులు చూడ్డానికి ఇందుశేఖర్ అనే కుర్ర డాక్టర్ని, అంటే చేపల చదువు చదివిన డాక్టర్ని, నియమించారు. అతనికి తన పని తెలుసు. ఆఫీసుకి అదొక్కటే చిక్కు.

ఇక అసలు సంగతి. ఏటా ఎండాకాలంలో, చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో, సముద్రంలో వేట ఆపేస్తారు. మంచి పద్ధతే. జాలర్లు కూడా కాదనరు, తల్లి చేపని చంపుకుంటే రేపు వలలో పడేదేమిటని వాళ్ళకీ తెలుసు. ఆ రోజుల్లో వలలు అల్లుకుంటారు, పడవలకి రంగులేసుకుంటారు. గడువు తీరిన రోజు పొద్దున్నే గంగమ్మకి పసుపు కుంకుమలు పెట్టి డప్పులతో పడవలు దించుతారు.

ఆ పడవల్లో ఒకటి సూరాడ కొర్లయ్యది. కొర్లయ్య పదేళ్ళపాటు గుజరాత్ ఒడ్డున పరాయి బోట్ల మీద కూలికి వేటాడి, ఇంక చాలనుకుని తిరిగొచ్చి, సొంత పడవ కట్టించుకున్నాడు. మళ్ళీ ఆ రైలెక్కనని గంగమ్మ ముందు కొబ్బరికాయ కొట్టి ఒట్టేసుకున్నాడు. అతని భార్య పోలమ్మ మా గేటు పక్కన గంప పెట్టుకుని చేపలమ్ముతుంది. మా ఇంట్లో చేప కూర ఆవిడ చలవే. ఆ పదేళ్ళూ ఏడాదికి ఒక్క నెల తప్ప మొగుడి మొహం చూడని మనిషి. "ఇప్పటికి గాని మాది కాపరంలాగ అవలేదు బావూ" అని ఒకసారి నాతో అంది, వంజరం ముక్కలు కోస్తూ. ఆ ఒట్టు మీదే ఆవిడ సంసారం నిలబడి ఉంది.

వేట గడువు తీరడానికి ఒక్క రోజు ముందు ఇందుశేఖర్ మా గదిలోకి పరుగెత్తుకొచ్చాడు. "సర్, గుడ్లు పెట్టింది!"

అందరం హాల్లోకి పోయాం. రాతికి అంటుకుని, నారింజ రంగులో, గుప్పెడు బూందీ ముద్ద చేసినట్టు గుడ్లు. ఆడది తన పని అయిపోయినట్టు ఓ మూలకి పోయి కూర్చుంది. మగది వచ్చి గుడ్ల పక్కన కాపలా కూర్చుంది. తొట్టిలో చలికీ వెలుతురుకీ అది తమ దేశంలో చలికాలం వచ్చిందనుకుని ఉంటుందని ఇందుశేఖర్ అన్నాడు. కమిషనర్ గారి కళ్ళు చెమర్చాయి. వెంటనే ఆయనలో అధికారి మేలుకున్నాడు.

"సూపరింటెండెంట్ గారూ, వేట నిషేధం ఉత్తర్వు ఒకసారి చదవండి."

చదివాను. "మండలి పరిధిలోని సముద్రజాతి మత్స్యములు గుడ్లు పెట్టి, అవి పిల్లలగు పర్యంతము, వేట నిషిద్ధము."

"ఇది సముద్రజాతి మత్స్యమా, కాదా?"

"అవునండి."

"మండలి పరిధిలో ఉందా?"

"మీ గది పక్కనే ఉందండి."

"గుడ్లు పెట్టిందా?"

"పెట్టిందండి."

"మరి?"

ఆ 'మరి'కి ఏ నిబంధనలోనూ సమాధానం లేదు. ఇందుశేఖర్ మాత్రం ఉండబట్టలేక, "సర్, ఇది అద్దాల తొట్టిలో ఉంది. వాళ్ళు వేటాడేది సముద్రంలో. దీనికీ దానికీ సంబంధమేమిటి?" అన్నాడు.

కమిషనర్ గారు అతని వైపు జాలిగా చూశారు. "మన చేపలు గుడ్లు పెడితే వేట ఆపుతాం. వాళ్ళ చేప పెడితే ఆపమా? రేపు ఆ దేశం వాళ్ళడిగితే ఏం చెబుతారు డాక్టర్ గారూ? అతిథి ఇంట్లో పురుడు పోసుకుంటుంటే వాకిట్లో కత్తి నూరుతామా? ఇది చేపల విషయం కాదు. దౌత్య విషయం."

మర్నాడు పొద్దున్నే జీపులో మైకు పెట్టుకుని ఒడ్డుకు వెళ్ళాం. పడవలన్నిటికీ పసుపు పూసి ఉంది. కొర్లయ్య కొత్త లుంగీ కట్టి తన పడవ ముక్కు మీద చెయ్యేసి నిలబడ్డాడు. డప్పు మొదలయ్యే లోపలే నేను ఉత్తర్వు చదివేశాను. "ఇందుమూలముగా యావన్మంది మత్స్యకారులకు తెలియజేయునది ఏమనగా, శీతల అతిథి వారు గుడ్లు పెట్టినందున, సదరు గుడ్లు పిల్లలగు పర్యంతము వేట నిషేధము పొడిగించడమైనది."

డప్పుల వాళ్ళు ఎత్తిన కర్రలు దించేశారు. పోలమ్మే ముందుకొచ్చింది.

"ఏ సేప గుడ్డెట్టింది బావూ?"

"అతిథి చేపమ్మా."

"ఏ కాడెట్టింది?"

"హాల్లో."

"మా పడవ సముద్రంలోకి కదా ఎల్తాది! మీ హాల్లోకొచ్చి వలేత్తాదేటి?"

వాదనలో బలముంది. కాని నోటిమాటగా ఉంది. రాతపూర్వకంగా ఇస్తే పరిశీలనకు పంపుతానన్నాను.

కొర్లయ్య మాతో జీపులో వచ్చిన డాక్టర్ని అడిగాడు. "ఎన్నాల్లు పడతాది బావూ?"

"నీళ్ళ చలిని బట్టి ఉంటుంది. నీళ్ళు ఎంత చల్లగా ఉంటే గుడ్లు అంత ఆలస్యం. ఇప్పుడున్న చలికైతే రెండు నెలల పైచిలుకు" అన్నాడు ఇందుశేఖర్, తనే గుడ్లు పెట్టినంత సిగ్గుపడుతూ.

"అంటే వినాయక సవితి." కొర్లయ్య సముద్రం వైపు చూశాడు. కానాగంత చేపలు గుంపులు కట్టే రోజులవి. ఒక్క క్షణం ఆలోచించి, "ఆగుదాంలే. ఎవరి పిల్లలైనా పిల్లలే కదా" అన్నాడు.

అలాంటి మాట అన్న మనిషికి మేము చేసింది చెప్పాలంటే నాకు నోరు రావడం లేదు గాని, నా ఉద్యోగమే చెప్పడం.

మొదట 'ప్రసూతి వాతావరణ పరిరక్షణ ఉపసంఘం' ఏర్పడింది. తల్లికీ గుడ్లకీ ప్రశాంతత కావాలి కాబట్టి ఒడ్డున ఇంజన్లు బాగుచెయ్యకూడదు, పడవలకి మేకులు కొట్టకూడదు, డప్పు వాయించకూడదు అన్నారు. జాలరిపేటలో ఒక పెళ్ళి సన్నాయి లేకుండా, మేళం లేకుండా, చప్పట్లతో జరిగింది. తరవాత ఇసుకలో ఆరబెట్టే ఎండుచేపల మీదికి ఉపసంఘం దృష్టి మళ్ళింది. బాలింత కంటికి బంధువుల ఎండిన శరీరాలు కనబడ్డం మనసుకి మంచిది కాదట. "సర్, ఆ చేపకి కిటికీ కనబడదు. అది చూసేది రాయినే" అన్నాడు ఇందుశేఖర్. మినిట్సులో 'డాక్టర్ గారు విభేదించిరి' అని రాశాను. ఎండుచేపలు తీసేశారు. గేటు పక్కనున్న పోలమ్మ గంపని కూడా, అందులో ఎలాగూ చేపలు లేకపోయినా, వాసన సాక్షిగా తీసేశారు.

తరవాత నామకరణ సంఘం. పుట్టబోయే పిల్లలకి వందల కొద్దీ పేర్లు కావాలి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత గుర్తొచ్చింది గాని, ఇక్కడ ఆలూ ఉంది, చూలూ ఉంది, సోమలింగాలే తక్కువయ్యారు. అక్షరక్రమంలో పేర్లు తయారుచేసే పని నాకే పడింది. 'ళ'తో మొదలయ్యే పేరు దగ్గర చాలా రోజులు ఆగిపోయాను.

ఈలోగా తండ్రి చేప తిండి మానేసిందని తెలిసింది. అది ఆ జాతి అలవాటేనట. గుడ్ల పక్కనే కూర్చుని, రెక్కలతో నీళ్ళు విసురుతూ, పిల్లలు బయటపడే దాకా కదలదు. కమిషనర్ గారు చలించిపోయారు. 'ఆదర్శ పితృమూర్తి' అని నిలువెత్తు పోస్టరు వేయించి, జాలరిపేట మగవాళ్ళందరికీ 'కుటుంబ బాధ్యత' మీద అవగాహన సదస్సు పెట్టారు. వాళ్ళని తొట్టి ముందు కూర్చోబెట్టి తానే ఉపన్యసించారు.

"చూడండి. ఈ మూగజీవి తన కుటుంబం కోసం అన్నపానీయాలు త్యజించింది. మీరు మీ కుటుంబాలకి ఏం చేస్తున్నారో గుండెల మీద చెయ్యి వేసుకుని ఆలోచించండి."

కొర్లయ్య చేప వైపు చాలాసేపు చూసి లేచాడు. "తిండి మానీసి, ఉన్న కాడే కూకుని, గాలి ఇసురుకోడవే కదా బావూ. రేవులో మేవందరం అదే సేత్తన్నాం. కొత్తగా నేర్సుకోడానికేటుంది?"

హాలంతా నవ్వింది. కమిషనర్ గారు కూడా నవ్వారు. సదస్సు సందేశం ప్రజల్లోకి చొచ్చుకుపోయిందని రాయమన్నారు, రాశాను.

మామూలు వేట విరామానికి జాలర్లకి ప్రభుత్వం ఇచ్చే భృతి ఉంటుంది. ఇది మామూలు విరామం కాదు, విశేష విరామం. కనుక వర్తించదన్నారు. ఇళ్ళలో గంజి పలచబడింది. మా ఇంటికి కూరలు తెచ్చే మిషతో పోలమ్మ మా ఆవిడ దగ్గర పాత బియ్యం పట్టుకెళ్ళడం నేను చూసీ చూడనట్టున్నాను.

అయినా వినాయక చవితికి గుడ్లు పగిలేవే. పగలనివ్వలేదు. శీతల అతిథులు కన్నవారయ్యారని పేపర్లో చదివి పెద్దవాళ్ళు చూడ్డానికి రావడం మొదలైంది. మొదట వచ్చిన ముఖ్య అధికారి గారు తొట్టిలో వేలు ముంచి, "ఇంకాస్త చల్లగా పెట్టలేరూ? పాపం వాళ్ళ దేశంలో మంచుగడ్డలుంటాయి కదా" అన్నారు. ఒక డిగ్రీ తగ్గించారు. తరవాత వచ్చినాయన ఆయన కంటే పై హోదా. ఆయన వచ్చాక ఏమీ తగ్గించకుండా పంపితే మర్యాద కాదు. ఇంకొకటి తగ్గించారు. అక్కణ్ణుంచి వచ్చిన ప్రతి పెద్దమనిషీ గుళ్ళో గంట కొట్టినట్టు ఒక డిగ్రీ తగ్గించి పోవడం ఆనవాయితీ అయింది. ఫొటోగ్రాఫరు ఆ చల్లబరిచే యంత్రం మీట దగ్గరే నిలబడి ఉండేవాడు.

"డిగ్రీ తగ్గిన కొద్దీ గుడ్లు వారాల తరబడి వెనక్కి పోతున్నాయి సర్" అని ఇందుశేఖర్ మొత్తుకున్నాడు.

"పోనివ్వండి. తొందరేముంది?" అన్నారు కమిషనర్ గారు. నిజమే, ఆఫీసులో ఎవరికీ తొందర లేదు.

చవితి పోయింది. దసరా పోయింది. ఒకరోజు పోలమ్మ సరాసరి కమిషనర్ గారి గదిలోకే వచ్చేసింది. చలికి కొంగు భుజాల చుట్టూ కప్పుకుని నిలబడింది.

"ఒక్క పాలి ఆ నీల్లు యెచ్చగా సెయ్యండి బావూ. ఆ మీటేదో కూసింత పైకి తిప్పండి. బేగి పిల్లలైపోతాయంట కదా, డాకటేరు బావు సెప్పినాడు. మా వోడు మల్లీ గుజరాతు మాటెత్తుతున్నాడు. ఎల్తే ఇంక రాడు బావూ. నాకు తెలుసు."

"అమ్మా, నువ్వూ ఆడదానివే" అన్నారు కమిషనర్ గారు ఎంతో మెత్తగా. "కాన్పుని తొందరపెట్టమని అడగడానికి నీకు నోరెలా వచ్చింది? ఉష్ణోగ్రత పెంపు అన్నది విధానపరమైన నిర్ణయం. తగ్గించినవారు పై హోదాలో ఉన్నారు. పెంచాలంటే అంతకంటే పై హోదా వారు కావాలి. అంతకంటే పైన ఎవరున్నారో మాకే తెలియదు."

పోలమ్మ ఆయన వైపు, నా వైపు చూసింది. "సముద్రం తల్లి ఎల్లమంటంది. మద్దినున్నోల్లే ఎల్లనివ్వరు" అని, వచ్చిన దారిన వెళ్ళిపోయింది.

దీపావళి వెళ్ళిన మూడో నాడో నాలుగో నాడో కొర్లయ్య బయల్దేరాడు. నేను ఆఫీసుకి వస్తుంటే ఇసుకలో ఎదురయ్యాడు. భుజాన సంచీ. అతనితో పాటు అతని పడవ మీద పనిచేసే తమ్ముళ్ళిద్దరూ, ఇంకా పేటలో వల పట్టగల ప్రతి మగాడూ. గంగమ్మ దగ్గర ఆగి, అప్పుడు వేసిన ఒట్టు వెనక్కి తీసుకోమని దండం పెట్టుకున్నాడు. పోలమ్మ ఏడవలేదు. సంచీలో దుప్పటి సరిగ్గా మడవలేదని అతన్ని తిట్టింది, చెప్పుల తెగిన పట్టీ చూసి ఇంకా తిట్టింది. రోడ్డు మలుపు దాకా తిడుతూనే వెంట నడిచింది. మలుపు దగ్గర మాత్రం ఆగిపోయి, నోరు కొంగుతో మూసుకుంది. ఆ రోజు నామకరణం ఫైలు తెరవలేకపోయాను.

ఆ నెల నివేదికలో 'నిషేధ ఉల్లంఘనలు: లేవు. సముద్రంపై మత్స్యకారులు: లేరు. తీరంపై మత్స్యకారులు: లేరు' అని రాశాం. నూటికి నూరు పాళ్ళు అమలైందని పైనుంచి అభినందన వచ్చింది.

ఆ తరవాత కొన్నాళ్ళకి ఇందుశేఖర్ నా టేబులు దగ్గరికొచ్చి నెమ్మదిగా అన్నాడు. "గుడ్లు తెల్లబడ్డాయండి. చచ్చిపోయాయి. చలి మరీ ఎక్కువైపోయింది."

తండ్రి చేప కూడా ఆ సంగతి గ్రహించినట్టుంది. గుడ్లని వదిలేసి పక్క రాయి మీదికి మారి, తిండి తినడం మొదలుపెట్టింది. ఆదర్శ పితృమూర్తి పోస్టరు మీద క్యాలెండరు తగిలించాం.

అత్యవసర సమావేశం పెట్టారు. ఇందుశేఖర్ ఉన్నదున్నట్టు చెప్పాడు. "గుడ్లు లేవు కాబట్టి ఇక నిషేధానికి కారణం లేదు సర్. వాళ్ళని వెనక్కి పిలవండి."

కమిషనర్ గారు కళ్ళు మూసుకుని విన్నారు. తరవాత ఒక్కొక్క మాటే తూచి అడిగారు. "చలి ఎక్కువై పోయాయంటారు. చలి పెంచిందెవరు?"

ఇందుశేఖర్ గోడ మీద వరసగా ఉన్న ఫొటోల వైపు చూశాడు. ప్రతి ఫొటోలోనూ ఒక పెద్దమనిషి చెయ్యి మీట మీద ఉంది. అందరం ఆ ఫొటోల వైపు చూశాం. తరవాత అందరం కిందికి చూశాం.

"కనుక గుడ్లు పోలేదు" అన్నారు కమిషనర్ గారు.

"తెల్లబడిపోయాయి సర్!"

"రంగు వ్యక్తిగతం. నేనడిగేది ఒక్కటే. గుడ్లు పగిలాయా?"

"పగల్లేదు. ఇంక పగలవు కూడా."

"ఉత్తర్వులో ఏముంది? పిల్లలగు పర్యంతం. పిల్లలయ్యాయా? కాలేదు. అంటే నిషేధం సజీవంగా ఉంది. నిషేధం సజీవంగా ఉన్నప్పుడు గుడ్లు నిర్జీవం ఎలా అవుతాయి?"

తీర్మానం నా భాషలోనే ఉంది, దాచుకునేదేమీ లేదు: 'శీతల అతిథి వారి గుడ్లు స్థిరత్వము సాధించినవి. ఇట్టి స్థిరత్వము మండలి నిరంతర కృషి ఫలితము.' ఇందుశేఖర్‌ని నీళ్ళు లేని మెట్ట తాలూకాకి చెరువుల సర్వేకి బదిలీ చేశారు. వెళ్ళేముందు అతను పోలమ్మకి కబురు చెప్పాడు.

"సచ్చిపోనాయా?" అందావిడ. "మరింకెందుకు బావూ మాకీ బాద?"

అతను బస్సెక్కాడు.

కొన్నాళ్ళకి కొత్త చిక్కొచ్చింది. చేపల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళు బయటికొచ్చి ఖాళీ ఇసుక చూసి, "ఇక్కడ జాలర్లుండాలి కదా, ఏరీ?" అని అడగడం మొదలుపెట్టారు. వాళ్ళకి పడవతో ఫొటో కావాలి. కమిషనర్ గారికి వెంటనే ఆలోచన తట్టింది. చేపల హాలు పక్కనే ఇంకో అద్దాల హాలు కట్టించి 'తీర జీవన దర్శిని' అని పేరు పెట్టారు. నేల మీద నిజమైన ఇసుక పోశారు. గోడకి సముద్రం బొమ్మ వేశారు. పడవల్లో రంగు కాస్త నిలిచింది కొర్లయ్యదే కాబట్టి, దాన్ని క్రేనుతో ఎత్తి తెచ్చి మధ్యలో పెట్టారు.

పడవొక్కటే ఉంటే బోసిగా ఉంది. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా దాని పక్కన గంప పెట్టుకుని కూర్చునే మనిషి కావాలన్నారు. పోలమ్మని అడగడానికి నన్నే పంపారు. తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్ళాను. ఆవిడ తిట్టలేదు.

"కూకుంటాను బావూ. ఆడొచ్చీదాకా పడవ కాడ ఎవులో ఒకలం ఉండాలి కదా" అంది.

గంపలో రబ్బరు చేపలు పెట్టారు. గోడకి బోర్డు: 'మత్స్యకార స్త్రీ. ఈ తీరమున ఒకప్పుడు విరివిగా కనబడెడిది.' సందర్శకులు అద్దం అవతలి నుంచి చూసి చాలా బాగుందనేవారు. కొందరు మాత్రం కదలడం లేదేమని అడిగేవారు. గంటకోసారి గంప సర్దమని ఆవిడకి సూచన ఇచ్చాం. చేపలమ్మినప్పుడు వీధి చివరికి వినబడే గొంతు ఆవిడది. ఆ అద్దాల వెనక ఒక్క మాట బయటికి వినిపించదు.

ఎండాకాలం మళ్ళీ మొదలవుతుండగా కొర్లయ్య గుజరాత్ నుంచి వచ్చాడు. ఇంటికి తాళం వేసి ఉంటే సంచీతోనే నేరుగా మా గేటు దగ్గరికొచ్చాడు. చిక్కిపోయి, ఒళ్ళు నల్లబడి, గుర్తుపట్టడానికి నాకే కాసేపు పట్టింది. టిక్కెట్టు ఇచ్చే మనిషి భోజనానికి పోయాడు. టిక్కెట్టు లేనిదే లోపలికి పోనివ్వకూడదు. నేను తాళాల మనిషి కోసం అటూ ఇటూ చూస్తున్నాను. కొర్లయ్య మాత్రం సంచీ దింపి, దర్శిని అద్దం దగ్గరికి పోయి, రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకుని లోపలికి చూశాడు.

లోపల ఇసుకలో అతని పడవ. దాని నీడలో, ఇటు వీపు పెట్టుకుని, పోలమ్మ.

అతను వేలి కణుపుతో అద్దం మీద కొట్టాడు. పోలమ్మ తిరిగి చూసింది. ఒక్కసారి మోకాళ్ళ మీద చెయ్యేసుకుని లేవబోయింది. మళ్ళీ తల తిప్పి గోడ గడియారం చూసి, అలాగే కూర్చుండిపోయి, గంపలో రబ్బరు చేపలు సర్దడం మొదలుపెట్టింది. చేతులు సర్దుతున్నాయి గాని కళ్ళు అతని మీదే ఉన్నాయి.

కొర్లయ్య ఈసారి అరచేత్తో కొట్టాడు, గట్టిగా. కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. మంచివాడే, ఈ ఊరివాడు కాదు. నిన్నటిదాకా చేపల హాలు దగ్గర పనిచేసినవాడు. కొర్లయ్య చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దింపాడు.

"అద్దం కొట్టకూడదు బాబూ. లోపలున్నవి బెదిరిపోతాయి."